అసిరమ్మ పెంకు

అనగా అనగా చెప్పేవాళ్ళు ఉండగా, వినగా వినగా ఊ కొట్టేవాళ్ళు ఉండగా, అగ్గిపుల్ల ఇంకా పుట్టని రోజుల్లో, కొండ కింద మబ్బువలస అనే ఊరొకటి ఉండేది.

నలభై కప్పుల ఊరు. అన్నీ తాటాకు కప్పులే. ఒకటే వీధి. పడమట కుమ్మరి సన్నాసి కుండలు కాల్చే ఆవం దగ్గర మొదలయ్యేది, తూర్పున మెరక మీద కట్టెల అసిరమ్మ గుడిసె దగ్గర ఆగిపోయేది. ఆ పైన కొండ.

ఆ ఊరికొక కట్టుబాటు. ఎప్పటి మాయరోగం ఏడాదిలోనో పెద్దలు పెట్టింది. పొద్దున్నే లేచి ముఖం కడుక్కున్నాక ప్రతి ఇంటివాళ్ళూ తమ తూర్పింటి కప్పు చూడాలి. తాటాకుల సందుల్లోంచి పొగ లేస్తే సరే, ఎవరి పని వాళ్ళు చూసుకోవచ్చు. పొద్దు తాటిచెట్టు తల దాటినా పొగ లేవలేదా, చేతిలో పని చేతిలోనే వదిలేసి, ముంతెడు చోడి అంబలి పట్టుకుని ఆ ఇంటికి పరిగెత్తాలి. జ్వరమైతే మందు, పస్తైతే అంబలి, చావైతే నలుగురు. తూర్పున ఇల్లు లేని అసిరమ్మ మాత్రం మెరక మీద నిలబడి, వీధి ఆ చివరనున్న సన్నాసి కప్పు చూడాలి. ఎవరి కన్నూ పడని కప్పు ఊళ్ళో ఒక్కటీ లేదు.

"పొగ ఉంటే పొయ్యి, పొయ్యి ఉంటే మనిషి." అదీ ఆ ఊరి మాట.

అసిరమ్మకి పడమటి ఇల్లు తవుడమ్మది. తవుడమ్మకి నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. కాపురానికి వచ్చిన తొలి పొద్దున్నే అత్తగారు ఆమెని వాకిట్లో నిలబెట్టి, "ఈ ఆవులు నీవి, ఆ పొలం చెక్క నీది, అదిగో ఆ కప్పు నీది" అని మూడూ చూపించి అప్పగించింది. ఆ కప్పు అసిరమ్మది. ఇరవై ఏళ్ళుగా తవుడమ్మ ఒక్క పొద్దు తప్పకుండా ఆ కప్పు చూస్తూనే ఉంది.

అసిరమ్మకి ముందూ వెనకా ఎవరూ లేరు. తవుడమ్మే వరస కలిపి అత్తా అనేది. కొండెక్కి ఎండుకట్టెలు ఏరడం, మోపు కట్టడం, మోపుకి మానెడు చోళ్ళు తెచ్చుకోవడం. అంతే ఆమె బతుకు. ఎండిన కట్టె ఊరికి. పచ్చిదీ, వంకరదీ, ఎవరూ కొననిదీ తన పొయ్యికి. మూడు రాళ్ళ పొయ్యి. పచ్చికట్టె పొగ. ఊళ్ళో అందరి కప్పుల మీదా లేచే పొగ ఒక ఎత్తు, అసిరమ్మ కప్పు మీద లేచే పొగ ఒక ఎత్తు.

ఒకనాటి పొద్దున్న అసిరమ్మ తవుడమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఓ కోడలా, సన్నాసి కప్పు మీద పొగ లేస్తందేటో చూసి చెప్పవే."

"నీ వంతు ఇల్లు నన్ను చూడమంటావేటత్తా? నీకు కనపడదేటి?"

"మంచు పట్టిందే. మూడు రోజుల నుంచీ ఒకటే మంచు."

తవుడమ్మ తల ఎత్తి చూసింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మంచు లేదు, మబ్బు లేదు. సన్నాసి కప్పే కాదు, దాని వెనకున్న చింతచెట్టు మీది కాకి కూడా కనపడుతోంది. ఆమె అసిరమ్మ కళ్ళలోకి చూసింది. ఎర్రగా, తడిగా, అంచుల్లో పొర కట్టి ఉన్నాయి. 

"అత్తా, మంచు లేదే."

అసిరమ్మ చేత్తో కళ్ళు నులుముకుంది. తరవాత అంది: "అయితే ఇది పొగ చేసిన పనేనే. కళ్ళు పోతే పోయాయి, తడుముకుని తింటాను. కానీ ఆ సన్నాసి కప్పు ఎవరు చూస్తారే? పోయినేడు వాడు జ్వరంతో పడి ఉంటే నా కళ్ళే గదా చూసినాయి?"

ఆ వారం తవుడమ్మ కుండ కొనడానికి సన్నాసి ఆవం దగ్గరికి వెళ్తే అసిరమ్మ కూడా వెంట వెళ్ళింది. ఆవం ఎర్రగా కాలుతోంది. అసిరమ్మ దాని ముందు చతికిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి చూసి అడిగింది.

"ఓరి సన్నాసీ, తెల్లారి నల్లగా లేచిన పొగ ఇప్పుడేదిరా?"

"కాలిపోనాది గదప్పా."

"పొగ కాలిపోద్దా?"

"కాలక? అదీ కట్టెలో పుట్టిందే గదా. మంట ఎర్రబడి, కింద గాలి ఆడి, పైకి పోయే దారి ఇరుగ్గా ఉంటే పొగని మంటే తినేస్తాది."

అసిరమ్మ వంగి ఆవం కింద గాలి దారి వెతికింది. కట్టెల్లో పుట్టి, అరవై ఏళ్ళుగా కట్టెల్లోనే బతికిన మనిషి. పొగ కూడా కాలుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

మర్నాటి నుంచీ అసిరమ్మ కట్టెల మోపు దించిన ప్రతి ఇంటి ముందూ నిలబడి ఒకటే కేక.

"విరిగిందేదైనా ఉందా? పగిలిందేదైనా ఉందా? పారేసేదేదైనా ఉందా?"

ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "ముసల్ది కొత్త కాపురం పెడతాదేటే?" అని ఒకరు. "పెళ్ళికొడుకు కూడా విరిగినోడే కావాలేమో!" అని ఇంకొకరు. తవుడమ్మే అందరికన్నా గట్టిగా నవ్వింది. నవ్వుతూనే చూరులోంచి తుప్పు పట్టిన విరిగిన కొడవలి ఒకటి తీసి ఇచ్చింది. అలా నాలుగు విరిగిన కొడవళ్ళు పోగయ్యాయి. బండ్లు బాగుచేసే చోట చితికిపోయిన చక్రం ఒకటి పడి ఉంటే, దాని నడిమి మొద్దుకి బిగించిన ఇనప కట్టు దొరికింది. సన్నాసి చెత్తగుట్టలో నెర్రె ఇచ్చిన పెద్ద బాన ఒకటి, అడుగులూడిన చిన్న కుండలు మూడు దొరికాయి. ఇంటింటి పొయ్యి బూడిదా గంపలకెత్తి తెచ్చుకుంది. పుట్టమన్ను తెచ్చింది. ఊక కలిపింది, పేడ కలిపింది, మూడు రోజులు కాళ్ళతో తొక్కింది.

మొదటిసారి కట్టిన పొయ్యి ఆరకముందే మంట పెట్టింది. ఫటేలుమని పగిలింది.

రెండోసారి కట్టింది ఆరింది గానీ మంట ఊపిరాడక ఆరిపోయింది. కట్టెల కింద గాలికి చోటు మరిచిపోయింది. ఆ రోజు గుడిసె నిండా పొగ. "సరైన పొయ్యి కట్టావత్తా, దోమలన్నీ చచ్చాయి!" అని తవుడమ్మ వాకిట్లోంచి అరిచింది.

మూడోసారి ఆమె తొందరపడలేదు. బాన పక్కకి అడుగున చెయ్యంత బెజ్జం కొట్టింది. బానలో, ఆ బెజ్జం వెనకాలే, అడుగులేని కుండలు మూడూ ఒకదాని మీద ఒకటి పేర్చి, గొంతుకలాంటి గొట్టం చేసింది. కుండలకీ బానకీ మధ్య ఖాళీలో వేడి బయటికి పోకుండా బూడిద కూరింది. బెజ్జంలో కొడవళ్ళని పక్కపక్కన పరిచింది. కట్టె కొడవళ్ళ మీద, గాలి కొడవళ్ళ కింద. పైన కుండ ఆనడానికి ఇనప కట్టు. సందులన్నీ మట్టితో మెత్తింది. తొమ్మిది రోజులు ఆరనిచ్చింది.

పదో రోజు పొద్దున తవుడమ్మ ముఖం కడుక్కుని తూర్పుకి చూసింది. పొగ లేదు.

ఆవుల పాలు పితికి చూసింది. పొగ లేదు.

పొద్దు తాటిచెట్టు తల దాటింది. పొగ లేదు.

తవుడమ్మ చేతిలో పని వదిలేసింది. అంబలి ముంత పట్టుకుని పరిగెత్తింది. దారిలో సగం అంబలి ఒలికిపోయింది. "అత్తా! ఓ అత్తా!" అని తలుపు తోసింది.

అసిరమ్మ కుదురుగా కూర్చుని వేడి వేడి అంబలి ఊదుకుంటూ తాగుతోంది. పక్కన పొయ్యిలో మూడే మూడు పుల్లలు. పుల్లల చివర ఎర్రటి మంట. ఆ మంట పక్కకి పోకుండా, పైకి లేవకుండా, గొంతులోకి గుయ్యిమని దూరుతోంది. పొగ మాత్రం లేదు. ఎంత వెతికినా లేదు.

తవుడమ్మ ముంత చేతిలోంచి జారి పడింది.

"బతికే ఉన్నావేటత్తా!"

"బతకడమేటే, ఈ రోజే పుట్టాను" అంది అసిరమ్మ. "దగ్గరికి రా, నీ ముఖం చూడనీ. అబ్బ, ముక్కుపుడక కొత్తదేటే?"

రెండో రోజు తవుడమ్మ ఊరుకుందామనుకుంది. కానీ కట్టుబాటు కట్టుబాటే. పైగా నిన్న బతికున్న మనిషి ఇవాళా బతికే ఉంటుందని ఎక్కడుంది? వెళ్ళి చూసే లోపలే, పొగ లేని కప్పు చూసిన ఆమె మొగుడు వెదురు రెండు నరికి తెచ్చి పాడె కట్టడం మొదలుపెట్టాడు. అసిరమ్మ బయటికి వచ్చి ఆ వెదుళ్ళని కొలిచి చూసింది. "కొంచెం పొట్టిగా ఉన్నాయి, నాయనా" అంది. వాడు కత్తి అక్కడే పడేసి పరుగు.

మూడో రోజు ఊరంతా కదిలింది. తలుపు తెరిచి ఉంది, లోపల మనిషి లేదు. పొగ లేదు. "పులి పట్టుకుపోయి ఉంటాది" అన్నారెవరో. అంతే, నలుగురు ఆడవాళ్ళు కూలబడి శోకండాలు ఎత్తుకున్నారు. ఆ ఏడుపు మధ్యలో వెనక నుంచి ఒక ముసలి గొంతు.

"ఎవరమ్మా పోయింది? పాపం, ఎవరింట్లో?"

అందరూ వెనక్కి తిరిగారు. నెత్తిన కట్టెల మోపుతో అసిరమ్మ. ఏడ్చే నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి.

ఊరి పెద్ద లచ్చుమునాయుడు కోపంతో కర్ర నేలకేసి కొట్టాడు. "అసిరమ్మా, ఊరికి రోజూ ఇదే పనా? నీ పొయ్యి పగలగొట్టెయ్. లేదంటే పొగ పెట్టు."

"బావూ, మూడు పుల్లలతో అంబలి కాగుతోంది. మోపు బరువు సగమైంది. కళ్ళలో పొర కరుగుతోంది. ఇదిగో, ఇక్కడి నుంచి సన్నాసి కప్పు కనిపిస్తోంది నాకు. దీన్నెలా పగలగొడతాను?" అంది అసిరమ్మ. ఊరి ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మీకూ కట్టిపెడతాను. చెత్తతో అయిపోతుంది. తవుడా, ముందు నీకు కడతానే."

"వద్దత్తా, పొగ లేకపోతే తాటాకుకి పురుగు పడుతుంది. పొగ లేని ఇల్లు శ్మశానంలా ఉంటాది" అంది తవుడమ్మ. అందరూ అవునన్నారు.

లచ్చుమునాయుడు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. నేటి నుంచి అసిరమ్మ కప్పుకి పొగ చూడనక్కర్లేదు. తవుడమ్మా, నీకు ఆ వంతు లేదు. పొగ లేకపోయినా ఆమె ఉన్నట్టే లెక్క."

అసిరమ్మ పకపకా నవ్వింది. "బాగుంది బావూ! అయితే ఒక మాట. నా ఇంట పొగ లేచిన రోజున రండి. ఆ రోజు నేను బాగోలేనట్టు."

ఊరంతా నవ్వింది. తవుడమ్మ కూడా నవ్వింది. నవ్వుతో ఆ మాటా అక్కడే రాలిపోయింది.

ఒక ఎండాకాలం గడిచింది. వాన పట్టింది. వరి ఉడుపులు మొదలయ్యాయి. పిల్లా పెద్దా అందరూ పొద్దెక్కకముందే పొలాల్లో ఉండేవాళ్ళు. తవుడమ్మకి మాత్రం పాత అలవాటు పోలేదు. ఎవరూ చూడమనకపోయినా, లేవగానే కళ్ళు తూర్పుకి పోయేవి. ఖాళీ కప్పు కనపడేది. "ఆ, ఉంది" అనుకునేది.

ఒకనాడు ముసురు. తవుడమ్మ లేచింది, ముఖం కడుక్కుంది, తూర్పుకి చూసింది.

అసిరమ్మ కప్పు మీద పొగ.

నల్లటి పొగ. పచ్చికట్టె పొగ. తాటాకుల సందుల్లోంచి సుడులు తిరుగుతూ లేస్తోంది. తవుడమ్మ ఒక్క క్షణం అలాగే నిలబడింది. ఆమె ముఖంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ పొగ చూసి కుదుటపడ్డ గుండె. మళ్ళీ ఆ పొగ చూడగానే చల్లబడింది. పొగ ఉంటే పొయ్యి, పొయ్యి ఉంటే మనిషి.

"హమ్మయ్య. అత్త మళ్ళీ మన దారిలో పడింది" అనుకుంది. కొంగు నడుముకి బిగించి పొలానికి పోయింది.

ఉడుపుల్లో ఆ ముచ్చటే. "అసిరమ్మ పొయ్యి పగిలినట్టుందే!" "పగలక? చెత్తతో కట్టింది ఎన్నాళ్ళుంటాది?" "మూడు రాళ్ళే మేలని ఇన్నాళ్ళకి తెలిసింది ముసల్దానికి." బురదలో వంగి వంగి నవ్వుకున్నారు. తవుడమ్మే అందరికన్నా గట్టిగా నవ్వింది.

రెండో రోజు సన్నటి పొగ, దారంలాగ. "పొదుపు నేర్చింది" అనుకుంది తవుడమ్మ.

మూడో రోజు పొగ లేదు. "పొయ్యి బాగుచేసుకున్నట్టుంది" అనుకుంది.

చూశారా! పొగ లేచినా బాగుందనుకున్నారు. సన్నబడినా బాగుందనుకున్నారు. ఆగిపోయినా బాగుందనుకున్నారు.

ఆ మూడో రోజు మధ్యాహ్నం వాన ముంచెత్తింది. తవుడమ్మ ఇంటి కప్పు కారి పొయ్యిలోకి నీళ్ళు దిగాయి. బూడిద కింద దాచిన నిప్పు చుయ్యిమని చచ్చింది. మొగుడు పొలం నుంచి వణుకుతూ వస్తాడు, వేడినీళ్ళు కావాలి. అందుకని తవుడమ్మ ఒక విరిగిన కుండపెంకు చేతిలో పట్టుకుని, గోనె నెత్తిన కప్పుకుని, నిప్పు అడగడానికి అసిరమ్మ ఇంటికి వెళ్ళింది.

"అత్తా, నిప్పుందా?"

జవాబు లేదు.

"అత్తా, నిప్పుందా?"

జవాబు లేదు.

మూడోసారి అడుగుతూ తలుపు తోసింది. మాట సగంలో ఆగిపోయింది.

పెరటి గుమ్మం దగ్గర పాచి మీద కాలు జారిన గుర్తు. అక్కడి నుంచి పొయ్యి దాకా మట్టి నేల మీద మనిషి పొట్టతో పాకిన చార. పొయ్యి లేదు. బాన రెండుగా పగిలి ఉంది. పక్కన రోకలి. అసిరమ్మ ఎంతో ఇష్టంగా పేర్చిన కుండల గొంతు ముక్కలు ముక్కలుగా పడి ఉంది. ఆ ముక్కల మధ్య పచ్చి ఆకులు, తడి గడ్డి, చాప ముక్క, గుడిసె గోడలోంచి పీకిన తాటాకు, చీపురు, చివరికి కట్టుకున్న చీర అంచు చింపిన పేలిక. పొగ రావడానికి ఏవేవి ఉన్నాయో అవన్నీ. పడుకుని చెయ్యి చాచితే అందేవన్నీ.

వాటి పక్కన అసిరమ్మ. ఒక కాలు ఎటో తిరిగి ఉంది. ముఖం గుమ్మం వైపే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

 బయట వాన పడుతోంది, తవుడమ్మకి వినపడలేదు. ఆమె చెవుల్లో ఒకటే మాట తిరుగుతోంది. నా ఇంట పొగ లేచిన రోజున రండి. ఎండాకాలం ముందు రాలిపోయిన మాట. ఇప్పుడొచ్చి గుండెల మీద పడింది.

పిలిచింది. అరవలేక, లేవలేక, అత్త తన కళ్ళు కాపాడిన పొయ్యిని తన చేత్తోనే పగలగొట్టి పిలిచింది. ఊరంతా చూసింది. తాను అందరికన్నా ముందు చూసింది. చూసి నవ్వి వెళ్ళిపోయింది.

ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు. పగిలిన బానలో కూరిన బూడిద కదిలినట్టనిపించింది. వంగి వేలితో తీసింది. బూడిద అడుగున నిప్పు. గోరంత కూడా కాదు, చింతగింజంత. ఎర్రగా ఉంది. మనిషి పోయింది, ఆమె నిప్పు పోలేదు.

తవుడమ్మ చేతిలో పెంకు ఉంది. నిప్పు కోసం వచ్చింది. ఆమె ఆ నిప్పుని పెంకులోకి తీసుకుంది. అప్పుడు ఏడుపు వచ్చింది.

ఊరు వచ్చింది.  ఉడుపుల్లో నవ్విన వాళ్ళెవరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. సన్నాసి గుమ్మంలో కూలబడి, "నా కప్పు చూడ్డానికే గదప్పా ఆ పొయ్యి కట్టింది, నా కప్పు చూడ్డానికే గదా" అని అదే మాట అంటున్నాడు. లచ్చుమునాయుడు కర్ర పక్కన పెట్టేసి, తడి నేల మీద అందరితో పాటు కూర్చున్నాడు. "పొగ లేకపోయినా ఉన్నట్టే లెక్క అన్నాను" అన్నాడు. 

దహనం అయ్యాక ఇంకొక పని మిగిలింది. ఒంటరిగా పోయిన వాళ్ళ పొయ్యి ముక్కల్ని పొలిమేర అవతల పారెయ్యాలి. అది ఆ ఊరి ఆచారం. గంప తెచ్చారు. తవుడమ్మ వెళ్ళి ఆ పెంకుల కుప్ప మీద కూర్చుంది.

"ఇవి ఇవ్వను."

"అరిష్టమే తవుడా."

"అరిష్టం ఎవరు? ఈ పెంకులా, నేనా?"

గంప పట్టుకున్న వాళ్ళు వెనక్కి తగ్గారు.

తవుడమ్మ ఆ ముక్కలన్నీ తన ఇంటికి మోసుకుపోయింది. పగిలిన దాన్ని మళ్ళీ పేర్చింది. మొదటిసారి కట్టింది, పగిలింది. రెండోసారి కట్టింది, ఊపిరాడక ఆరిపోయింది. ఈసారి వాకిట్లోంచి ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. మూడోసారి సన్నాసి వచ్చి పక్కన కూర్చుని మట్టి అందించాడు. తొమ్మిది రోజులు ఆరనిచ్చారు. పదో రోజు, కుంపట్లో కప్పి కప్పి బతికించుకున్న అసిరమ్మ నిప్పునే అందులో వేసింది. మూడు పుల్లలు. మంట గుయ్యిమని గొంతులోకి దూరింది.

తవుడమ్మ బయటికి వచ్చి తన కప్పు చూసుకుంది. పొగ లేదు. కళ్ళు చల్లగా ఉన్నాయి.  రేపు తనూ కాలు జారి పడితే? పొగ చూసి రాలేదు, పొగ లేక రాలేదు. ఇంక దేన్ని చూసి వస్తారు?

తూర్పుకి చూసింది. తన తూర్పున ఇంక మనిషున్న ఇల్లు లేదు. ఇప్పుడు చివరి ఇల్లు తనదే. అంటే అసిరమ్మ వంతు తనది. వీధి ఆ చివరి ఇల్లు.

ఆమె మెరక ఎక్కి కప్పు చూడలేదు. పెంకు చేతిలోకి తీసుకుంది. నలభై ఇళ్ళ వీధి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది. గుమ్మాల్లో ఆడవాళ్ళు పనులాపి చూశారు. పొయ్యి భగభగ మండుతున్న ఇల్లాలు నిప్పుకి పోవడమేటి? తవుడమ్మ సన్నాసి తలుపు ముందు ఆగింది.

"నిప్పుందా?"

"నీ పొయ్యి మండుతోంది గదమ్మా, మొన్న నేనే గదా మట్టి అందించింది?" అన్నాడు సన్నాసి లోపలి నుంచి.

"నిప్పుందా అని అడిగాను."

"ఉంది."

"బయటికి రా. ముఖం చూపించు."

సన్నాసి బయటికి వచ్చాడు. ఆమె చేతిలో ఖాళీ పెంకు చూశాడు. ఆమె ముఖం చూశాడు.  లోపలికి వెళ్ళి, తనూ ఒక పెంకు తీసుకుని, తన తూర్పింటికి బయలుదేరాడు.

ఆ ఏడు తిరిగేలోపల మబ్బువలసలో ప్రతి ఇంటా అసిరమ్మ పొయ్యి లేచింది. విరిగినవి, పగిలినవి, పారేసినవి. నలభై కప్పుల మీదా పొగ పోయింది. బాటసారులు దూరం నుంచి చూసి పాడుపడిన ఊరనుకుని దారి మళ్ళేవాళ్ళట. దగ్గరికొచ్చిన వాళ్ళకి మాత్రం పొద్దున్నే వీధంతా ఒకటే మాట వినపడేది. నిప్పుందా? నిప్పుందా? నిప్పుందా?

తరవాత అగ్గిపుల్ల పుట్టింది. కిరసనాయిలు స్టవ్వు వచ్చింది. గ్యాసుబండ వచ్చింది. తాటాకు పోయి స్లాబు వచ్చింది. కానీ ఇప్పటికీ ఆ ఊళ్ళో ప్రతి గుమ్మం పక్కనా మేకుకి ఒక పెంకు వేలాడుతూ ఉంటుందని చెబుతారు. దాన్ని అసిరమ్మ పెంకు అంటారు. కొత్తకోడలు కాపురానికి వస్తే అత్తగారు పసుపు కుంకాలతో పాటు ఆ పెంకు చేతిలో పెట్టి, "అదిగో, ఆ ఇల్లు నీది" అని తూర్పింటి తలుపు చూపిస్తుందట.

పొద్దున్నే ఆ పెంకు పట్టుకుని వెళ్తారు. "నిప్పుందా?" అని అడుగుతారు. లోపలి నుంచి "ఉంది" అని వినపడితే వెనక్కి రారు. వాన కురిసినా, బస్సు వెళ్ళిపోతున్నా, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా రారు. లోపలి మనిషి లేచి, గుమ్మం దాకా నడిచి వచ్చి ముఖం చూపించేదాకా, ఖాళీ పెంకు పట్టుకుని అక్కడే నిలబడి ఉంటారు.